వరుంగాలో మాట్లాడే ట్యాంకులు

క్లెమ్ హాడ్రిక్ మురుగు ట్యాంకులతో మాట్లాడతాడు. తన ట్యాంకుతో మాట్లాడుకుంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. కనిపించిన ప్రతివాళ్ళ ట్యాంకుతోనూ మాట్లాడతాడు, పైగా అదేం చెప్పిందో అందరికీ వినపడేలా చెబుతాడు.

ఇల్లుబండి అన్నాక పడకా, పొయ్యీ, మరుగుదొడ్డీ అన్నీ అందులోనే. ఆ మరుగుదొడ్డి సరుకంతా బండి కడుపు కింద వేలాడే ట్యాంకులోకి చేరుతుంది. తెల్లారగట్ల క్లెమ్ ఖాకీ నిక్కరు, చిల్లుల బనీను వేసుకుని చెక్క గరిటెతో బయలుదేరతాడు. ఒక్కొక్క బండి పక్కనా మోకాళ్ళ మీద కూలబడి, ట్యాంకు మీద టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వేస్తాడు. ఎడమ చెంప ట్యాంకుకు ఆనించి, కుడి చెయ్యి గాల్లోకెత్తి "ష్!" అంటాడు. లోపల నిద్రపోతున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచి, తిట్టడానికి దబదబా అడుగులు వేసుకుంటూ తలుపు దాకా వచ్చేసరికి, ఆయన లేచి నిలబడి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ ఉంటాడు.

"ఏమందయ్యా ఇవాళ నా ట్యాంకు?" అని అరుస్తాడు కోలిన్ స్ప్రాట్. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన గొంతు అది.

"నిన్న నువ్వు మంచినీళ్ళు ముట్టలేదంది. బీరు లెక్కలోకి రాదట."

"నా తిండి తిని నా మీదే చాడీలు చెబుతోందా!"

"నీ తిండి తినే చెబుతోంది" అంటుంది లోపల్నించి అతని భార్య డాఫ్నీ.

ఇంటి గుట్టు ట్యాంకుకెరుక అన్నట్టుండేది వ్యవహారం. క్లెమ్‌తో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని కోలిన్ మూడు వారాల్లోనే తేల్చేశాడు. టీ తాగడానికి కూర్చున్నా క్లెమ్ పద్ధతులు క్లెమ్‌వే. మనుషులంతా ఆయనకు కుడివైపునే కూర్చోవాలి. ఎడమవైపు కుర్చీలో ఎవరైనా కూర్చోబోతే "అది ట్యాంకు సీటు, లే" అంటాడు. డాఫ్నీ ఒకసారి మొండికేసి అక్కడే కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పింది. ఆయన ఒక్కదానికీ బదులివ్వలేదు. ఆ తర్వాత ఆ కుర్చీ జోలికి ఎవరూ పోలేదు.

ఇదంతా జరిగింది వరుంగా ఊరి చివర, పాడుబడ్డ గుర్రప్పందేల మైదానంలో. అక్కడ పందెం జరిగి పద్నాలుగేళ్ళయింది. జనం కూర్చునే మెట్ల మంటపం మాత్రం ఖాళీగా అలాగే ఉంది. గుర్రాలు బయలుదేరే ఇనప గేటు గాలి లేని రోజున కూడా ఉండుండి కిర్రుమనేది. పాత గుర్రపుశాలల వెనక ట్యాంకులు ఖాళీ చేసుకునే గుంట ఒకటుంది. దానికోసమే బండ్లవాళ్ళు ఇక్కడ ఆగుతారు. అక్కడ ఎండలు మొదలయ్యే అక్టోబరు వచ్చేసరికి, వేడికి జడిసి అందరూ చల్లటి దక్షిణానికి వెళ్ళిపోగా స్ప్రాట్‌ల బండీ, ఎక్కడో దూరంగా ఇనప గేటు పక్కన క్లెమ్ బండీ, రెండే మిగిలాయి. మంగళవారం మధ్యాహ్నం మూడోది వచ్చింది.

దాన్ని నడుపుకుంటూ వచ్చినావిడ నోలీన్ కార్‌మోడీ. డెబ్బై ఒకటి. మొగుడు హెర్బ్ పోయి అయిదు నెలలు. ఎనిమిదేళ్ళు ఇద్దరూ ఈ బండిలోనే దేశమంతా తిరిగారు. రోడ్డు మీద బతికే మొగుడూ పెళ్ళాల మధ్య పనులు రెండు రంగులు. వంట, పక్కలు, మ్యాపు చూడడం గులాబీ పనులు. టైర్లు, గ్యాసు, మురుగు ట్యాంకు నీలం పనులు. నోలీన్ బండి నడిపేది కానీ, ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ట్యాంకు వైపు తొంగి చూడలేదు. హెర్బ్ పోతూ పోతూ మిగతా నీలం పనుల గురించి ఓ రెండు ముక్కలు చెప్పాడు. ట్యాంకు సంగతికి వచ్చేసరికి ఆయాసం వచ్చింది.

ఇప్పుడా ట్యాంకే ఆమె మీద కక్షగట్టింది. గోడ మీద ఎర్ర దీపం 'నిండింది' అని వెలిగి ఆరడం మానేసింది. గొట్టం తగిలించి ట్యాంకు మూత పిడి లాగితే చెంబెడు నీళ్ళు కారి ఆగిపోతుంది, దీపం మాత్రం ఎర్రగా అలాగే ఉంటుంది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. కూతురు జెనీన్ ఫోనులో ఖచ్చితంగా తేల్చేసింది. "చాలమ్మా. శనివారం గ్రాంట్ వస్తాడు. బండి తోలుకొచ్చి అమ్మేస్తాడు. మా వెనక గదికి నీకోసం సున్నం వేయించాం." నోలీన్ సరేనంది. వెనక గదికి ఒకటే కిటికీ, అది పక్కింటి గోడ వైపుకి. అల్లుడు మంచివాడే. కానీ ఇంత దేశం తిరిగి, ఆఖరికి మరుగుదొడ్డి చేతిలో ఓడిపోయి ఇంటికి చేరడం ఆమెకు తల తీసేసినట్టుగా ఉంది.

ఆ సాయంత్రం ఆరింటికి గాలి స్తంభించిపోయింది. పడమట ఎర్ర దుమ్ము ఆకాశానికంటుకుని కదలకుండా నిలబడింది. దూరంగా మెరుపులు, ఉరుము మాత్రం లేదు. నోలీన్ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అప్పుడు మరుగుదొడ్డి గదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"క్ఘ్రాక్... క్ఘ్రాక్."

"ఉండు హెర్బ్, పెడుతున్నా" అంది నోలీన్ అలవాటుగా.

అనేశాక ఆమె చేతిలో చెంచా కిందపడింది. నలభై ఆరేళ్ళు రోజూ సాయంత్రం ఆరింటికి టీ కోసం హెర్బ్ సరిగ్గా అలాగే, రెండుసార్లే, గొంతు సవరించుకునేవాడు. గదిలోకి తొంగి చూస్తే ఎవరూ లేరు. తొట్టి మూత మూసే ఉంది. మూత కిందనుంచి మళ్ళీ వచ్చింది, గుహలోంచి పలికినట్టు, "క్ఘ్రాక్." మూత మీద రెండు కూరగాయల డబ్బాలు, వాటి మీద హెర్బ్ బూట్లు బరువు పెట్టి, తలుపు గడియ వేసి, దుప్పటి ముసుగు పెట్టుకుంది. ముసుగులో కూడా హెర్బ్‌కి టీ ఇవ్వలేదే అన్న బెంగ వేధించింది.

తెల్లారీ తెల్లారకుండా ఆమె మంచం కిందనుంచి టక్, టక్, టక్.

ఇంకేముంది, లోపలివాడు బయటికి రావడానికి తడుతున్నాడు. పెనం చేతిలోకి తీసుకుని, అడుగులు అదిరేలా నడిచి తలుపు తోసింది. బండి కింద చిల్లుల బనీను ముసలాయన ఒకడు ట్యాంకును కౌగలించుకుని కూర్చున్నాడు.

"ష్!" అన్నాడాయన.

"ఎవడ్రా నువ్వు?"

"క్లెమ్. పెనం దించు తల్లీ, నీ ట్యాంకు కంగారుపడుతోంది."

"నా ట్యాంకు... ఏమైనా మాట్లాడిందా?" అంది నోలీన్. అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది.

"మాట్లాడకేం! గొంతుదాకా దిగమింగుకుని ఉందిట పాపం. ఇలా రా. అటు కాదు, కుడివైపుకి రా. ఎర్ర దీపం ఆరడం లేదు కదూ? లాగితే నీళ్ళే వస్తాయి, మిగతాది రాదు కదూ?"

"అదీ చెప్పిందా!"

"కొంచెం అది చెప్పింది, కొంచెం నా ముక్కు చెప్పింది. నలభై ఏళ్ళు ఊళ్ళ మురుగు కాలువల్లో దిగినవాణ్ణి. ఇంతకుముందు ఎక్కడున్నావు?"

"సముద్రం ఒడ్డున పార్కులో. రెండు నెలలు. అక్కడ గొట్టం తిన్నగా వాళ్ళ కాలువలోకే పెట్టి ఉంచాను."

"పెట్టి... పిడి మూశావా, తెరిచి ఉంచావా?"

"తెరిచే ఉంచాను. ఎప్పటిదప్పుడు పోతే మంచిదే కదా."

క్లెమ్ గరిటె గుండెలకు హత్తుకున్నాడు. అప్పటికే కుర్చీలు తెచ్చుకుని చూస్తున్న కోలిన్, డాఫ్నీ ఒక్కసారిగా "అయ్యయ్యో!" అన్నారు. ఎవరో పోయారన్న కబురు విన్నట్టు కోలిన్ టోపీ కూడా తీశాడు.

"ఏమైందయ్యా, అంత తప్పా?"

"నీళ్ళు కారిపోతాయి తల్లీ, గట్టిది కారదు. తొట్టి కింద పుట్ట పెరుగుతుంది. రెండు నెలల పుట్ట! అది తగులుకునే దీపం ఎర్రగా ఉంది. నిండేదాకా మూసి ఉంచాలి, నిండాక ఒక్కసారే లాగాలి. హెర్బ్ చెప్పలేదూ?"

హెర్బ్ పేరు తను చెప్పలేదే! నోలీన్ పెనం మళ్ళీ ఎత్తింది. "ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"ట్యాంకు" అన్నాడు క్లెమ్.

బండి ముందు తలుపు మీద తెల్ల రంగుతో 'హెర్బ్, నోలీన్' అని జానెడు అక్షరాలతో రాసి ఉంది. ఎనిమిదేళ్ళుగా చూస్తూ చూస్తూ ఆమె అది మర్చిపోయింది. డాఫ్నీ వేలుపెట్టి చూపించేదాకా క్లెమ్ మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

చికిత్స గురువారం మొదలయింది. మొదటి మెట్టు పిడి మూయడం. రెండోది నీళ్ళు. మైదానం పంపులో బోరు నీళ్ళు భూమిలోంచే సలసలా వస్తాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో. "ఏది బోరో ఏది ట్యాంకో పోల్చుకోలేం" అంటూనే కోలిన్ ఇరవై బకెట్లు మోశాడు. డాఫ్నీ గిన్నెలు తోమే సబ్బు సీసా మొత్తం తొట్టిలో గుమ్మరించింది. ఇక మూడో మెట్టు.

"బండి పోనీ" అన్నాడు క్లెమ్ ఎడమ సీట్లో ఎక్కి కూర్చుని. "గుర్రాల బాట మీద. పది చుట్లు."

"ఈ గుంతల్లోనా? లోపలంతా చల్లకుండలా కుదిపేస్తుందే!"

"కుదపాలనే. పుట్ట కరగాలంటే అదే మందు."

నోలీన్ స్టీరింగు పట్టుకుంది. అయిదు నెలలుగా తప్పక నడిపిందే తప్ప సరదాకి నడపలేదు. మొదటి చుట్టు భయంభయంగా వేసింది. వెనక ట్యాంకు గుడగుడమంది. రెండో చుట్టుకి కోలిన్ మెట్ల మంటపం ఎక్కి, పిడికిలి మైకులా పట్టుకుని పందెం చెప్పడం మొదలుపెట్టాడు.

"వస్తోంది వస్తోంది, నోలీన్ వస్తోంది! వెనకాల ఎవరూ లేరు, అయినా ట్యాంకు గట్టి పోటీ ఇస్తోంది! మలుపు... మలుపులో ట్యాంకు ఒక మూర ముందుంది!"

అయిదో చుట్టుకి ఎర్ర దుమ్ము మైదానమంతా కమ్ముకుంది. ఆ దుమ్ములోంచి ఓరగా చూస్తే మెట్ల మంటపం ఖాళీగా లేదనిపించింది. వరసలు వరసలుగా టోపీలు, భుజాలు. ఒక్కరూ కదలడం లేదు, ఒక్కరూ అరవడం లేదు.

"క్లెమ్... అక్కడ..."

"అటు చూడకు. చూస్తే పందెం కాస్తారు. నువ్వు గెలిచేదాకా వదలరు."

"నువ్వు కూడా చూశావా?"

"నేను రోడ్డు చూస్తున్నా, నువ్వు చూడడం లేదు గనక."

ఆమెకు నవ్వొచ్చింది. యాక్సిలరేటరు తొక్కింది. పదో చుట్టు తరవాత ఆగమన్నా ఆగకుండా పదకొండోది కూడా వేసింది.

నాలుగో మెట్టు గుంట దగ్గర. క్లెమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "గొట్టం నువ్వే తగిలించు. చేతొడుగులు వేసుకో. పిడి నువ్వే లాగు."

"నువ్వు లాగొచ్చుగా?"

"రేపు నేనుంటానా? రంగులు మర్చిపో తల్లీ. ఒక్కత్తివే ఉన్నప్పుడు పనులన్నీ ఒకటే రంగు."

నోలీన్ కళ్ళు మూసుకుని లాగింది. గొట్టం కొండచిలవలా ఒళ్ళు విరుచుకుంది. తర్వాత వచ్చిన చప్పుడు గురించి డాఫ్నీ చాలాకాలం ఎవరింట్లో భోజనానికి వెళ్ళినా చెప్పేది, వాళ్ళు వద్దంటున్నా సరే. నోలీన్ బండెక్కి చూసింది. ఎర్ర దీపం ఆరి పచ్చది వెలిగింది. ఆమె కిందకి దిగి, చేతొడుగులతోనే క్లెమ్‌ని కౌగలించుకుంది. ఆయన ఆ బనీను అక్కడే విప్పేయవలసి వచ్చింది.

కానీ సాయంత్రం ఆరింటికి మళ్ళీ, "క్ఘ్రాక్... క్ఘ్రాక్."

ఖాళీ ట్యాంకు. చుక్క లేదు. అందులోంచి హెర్బ్ గొంతు ఇదివరకటికంటే ఖంగున పలుకుతోంది. నోలీన్ మెట్ల మీంచి ఒక్క దూకున స్ప్రాట్‌ల దగ్గరికి వచ్చిపడింది. క్లెమ్ అక్కడే టీ తాగుతున్నాడు.

"ఈసారి మాట్లాడుతోంది ట్యాంకు కాదు" అన్నాడాయన కాసేపు గడ్డం గోక్కుని. "పైన కప్పు మీద గాలి గొట్టం ఉంటుంది చూశావా? దాంట్లో ఎవరో కాపురం పెట్టారు. రేపు ఎక్కి చూద్దాం. రెండ్రోజుల్లో వానొస్తుందని కూడా చెబుతున్నారు వాళ్ళు."

"ఎవరు వాళ్ళు?" అంది నోలీన్. క్లెమ్ గరిటె ఊపుకుంటూ తన బండి వైపు వెళ్ళిపోయాడు.

చీకటి పడబోతుండగా కర్లూ పిట్టలు కూత మొదలెట్టాయి. ఆ పిట్ట కూస్తే ఎవరో ఆడమనిషి నూతిలో పడి ఏడ్చినట్టుంటుంది, వినీ వినీ అలవాటైనవాళ్ళు కూడా దుప్పటి లాక్కుంటారు. వాటి మధ్యలో ఇనప గేటు వైపునుంచి ఇంకో గొంతు వినపడింది. బొంగురుగా, దీర్ఘంగా, "ఊఁ... ఓఁ..." అని. దానికి నోలీన్ బండిలోంచి "క్ఘ్రాక్" అని బదులు. మళ్ళీ అటునుంచి "ఓఁ..."

"చూశావా" అన్నాడు కోలిన్ కిటికీలోంచి. "రెండు ట్యాంకులూ కబుర్లు చెప్పుకుంటున్నాయి. క్లెమ్ బండిదీ నీ బండిదీ. సంబంధం కుదిరేట్టుంది!"

"నీ నోరు పడ" అంది నోలీన్. వెళ్ళి క్లెమ్ తలుపు తడదామా అని ఒక్క క్షణం అనుకుంది. పొద్దుపోయాక ఒంటరి మగాడి తలుపు తట్టడం బాగుండదని మానుకుంది. కిటికీ మూసి, రేడియో పెద్దది చేసింది. ఆ రెండో గొంతు కాసేపటికి అలిసిపోయి ఆగింది.

శుక్రవారం తెల్లారింది. నోలీన్ మేలుకుని, కళ్ళు తెరవకుండా మూడు దెబ్బల కోసం ఎదురుచూసింది. రాలేదు. లేచి టీ పెట్టింది. తాగింది. రాలేదు. తలుపు తీసేసరికి స్ప్రాట్‌లిద్దరూ రాత్రి బట్టల్లోనే బయట నిలబడి ఉన్నారు. గాలి లేదు, పిట్ట కూత లేదు. వాన మబ్బు మంటపం మీదకి దిగి కూర్చుంది. ముగ్గురూ ఇనప గేటు వైపు చూస్తున్నారు.

"హాయిగా నిద్రపోదామనుకున్నా" అన్నాడు కోలిన్ నెమ్మదిగా. "అయిదింటికే మెలకువొచ్చేసింది. ఎదవ అలవాటు చేశాడు."

"పడుకున్నాడేమో" అంది డాఫ్నీ. "లేపడం మర్యాద కాదు."

ఆ మాట నోలీన్‌కి ముల్లులా గుచ్చుకుంది. బండిలోంచి తన చెక్క గరిటె తీసుకుని, రాత్రి గౌను పైకి దోపుకుని, ఎర్ర మట్టిలో చెప్పుల్లేకుండా నడిచింది. హెర్బ్ పోయిన పొద్దున కూడా ఇంత నిశ్శబ్దం ఉంది. క్లెమ్ బండి తెరలు దించే ఉన్నాయి. పిలిచింది. పలకలేదు. బండి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, ట్యాంకు మీద కొట్టింది. టక్, టక్, టక్.

ఏమీ లేదు.

ఏం చేయాలో తోచక, ఆయన చేసినట్టే చెంప ట్యాంకుకు ఆనించి, చెయ్యి పైకెత్తి, "ష్" అంది. వెనకే వచ్చిన కోలిన్ ఊపిరి బిగబట్టాడు. చెవికి ఏమీ వినపడలేదు. కానీ చెంపకు తెలిసింది. పిల్లి నడిచినంత అదురు. ఒకటి. రెండు. మూడు.

"ఉన్నాడు!" అని కేక వేసింది నోలీన్. "కోలిన్, తలుపు!"

కోలిన్ భుజం ఆనించాడో లేదో లోపల్నుంచి చిల్లుపడ్డ డప్పు లాంటి గొంతు వినిపించింది. "పగలగొట్టకురా... తాళంచెవి ట్యాంకును కట్టిన ఇనప పట్టీ మీదుంది!"

క్లెమ్ మరుగుదొడ్డి గదిలో, తొట్టికీ గోడకీ మధ్య, సీసాలో బిరడాలా ఇరుక్కుని ఉన్నాడు. నిన్న సాయంత్రం అక్కడే స్నానం చేస్తూ సబ్బు నీళ్ళ మీద కాలు జారాడు. మోకాలు గుమ్మడికాయలా వాచింది. గొంతు పోయేదాకా అరిచాడట.

"ముందు తువ్వాలు పడేయండి" అన్నాడు బొంగురు గొంతుతో. "డాఫ్నీని అటు తిరగమనండి."

"నీ ట్యాంకు ఎప్పుడో అంతా చెప్పేసింది, సిగ్గెందుకు" అంది డాఫ్నీ, అటు తిరిగే. రాత్రి తాను విని నవ్వింది ఆ గొంతునేనని కోలిన్‌కి అప్పుడు తట్టింది. తువ్వాలు తనే తెచ్చి క్లెమ్‌కి చుట్టాడు.

ఊళ్ళోంచి నర్సు వచ్చి, కట్టు కట్టి, ఆరు వారాలు వంగడానికి వీల్లేదని చెప్పి వెళ్ళాక, నోలీన్ ఆయనకు టీ ఇచ్చి పక్కన కూర్చుంది. తొందర్లో ఎడమవైపు కూర్చుంది.

"రాత్రి నాకు వినపడింది క్లెమ్. నీ గొంతని తెలీలేదు. రేడియో పెట్టేసుకున్నాను. నన్ను క్షమించు."

క్లెమ్ టీ ఊదుకుంటున్నాడు. ఏమీ అనలేదు. ఆమె ఇంకోసారి అంది. ఆయన బిస్కట్టు ముంచుకున్నాడు. నోలీన్ ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత ఎడమ చెవి పక్కనే రెండు చేతులూ చరిచింది. ఆయన రెప్పయినా వేయలేదు.

ఆమె లేచి కుడివైపుకి వచ్చింది. "క్లెమ్ హాడ్రిక్! నువ్వు ట్యాంకుకి ఆనించే చెవి..."

"పన్నెండేళ్ళయింది" అన్నాడాయన దొంగ దొరికిపోయినట్టు. "పంపుల హోరుకి పోయింది. బాంబు పడ్డా వినపడదు."

"మరి ట్యాంకు మాటలు?"

"ట్యాంకులు మాట్లాడతాయా తల్లీ, నీకు మతిపోయిందా?" ఆయన టీ కప్పు దించాడు. "చెవికి కాదు, చెంపకి. మూడు దెబ్బలు కొడితే లోపలి మనిషి లేస్తాడు. తిట్టడానికైనా నాలుగడుగులు వేస్తాడు. బండి అదురుతుంది. అదిరిందా, సరే, ఇంకో రోజు గడిచింది, పక్క బండికి పోతాను. ఏడేళ్ళ కిందట నా పక్కన ఒకాయన ఆగాడు. ఒంటరివాడు, చాలా మర్యాదస్తుడు. పొద్దున్నే పోయి కదపడం మర్యాద కాదని నేనూ మూడు రోజులు మర్యాదగా ఊరుకున్నాను. నాలుగో రోజు..." ఆయన చెయ్యి గాల్లో ఊపి ఊరుకున్నాడు. "'బతికున్నావా?' అని రోజూ అడిగితే ఎవడైనా తంతాడు. ట్యాంకు చూస్తున్నానంటే తిట్టి వదిలేస్తారు."

"కోలిన్, డాఫ్నీ ఇద్దరున్నారుగా. వాళ్ళ ట్యాంకెందుకు కొట్టడం?"

"ఒంటరివాళ్ళ ట్యాంకులే కొడితే గుట్టు బయటపడదూ? పైగా కోలిన్‌ని నిద్రలేపడం నాకు సరదా." క్లెమ్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. "ఎవరికీ చెప్పకు."

"ట్యాంకు మీద ఒట్టు" అంది నోలీన్.

సాయంత్రం ఆమె ఎవరినీ పిలవలేదు. నిచ్చెన వేసుకుని తన బండి కప్పెక్కింది. గాలి గొట్టం మూత తీసి లోపలికి చూసింది. చల్లటి గొట్టంలో అరచెయ్యంత ఆకుపచ్చ కప్ప ఒకటి, బొజ్జ ముందుకు పెట్టుకుని, గడ్డం ముడతలతో, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. ఆమెను చూసి తీరిగ్గా గొంతు సవరించుకుంది. "క్ఘ్రాక్. క్ఘ్రాక్." గొట్టం ఆ గొంతును పదింతలు చేసి కిందికి పంపింది. టీ ఆలస్యమైతే హెర్బ్ మొహం అచ్చంగా అలాగే ఉండేది. నోలీన్ కప్పు మీదే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కప్పని కొంగులాంటి తన ఏప్రన్‌లో చుట్టి, దింపి, పంపు కింద తడిలో వదిలి, గొట్టానికి వల గుడ్డ కట్టింది. అదీ నీలం పనే, కాకపోతే ఆమెకు ఆ రంగు గుర్తు రాలేదు.

కిందకి దిగి జెనీన్‌కి ఫోను చేసింది. "గ్రాంట్‌ని రావద్దను."

"అమ్మా, మరి ట్యాంకు?"

"ఖాళీ. నేనే లాగాను."

"ఛీ! అక్కడ ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా?"

"ఉండగలను. ఇక్కడ నాకు పని దొరికింది, ఆరు వారాలు. పొద్దున్నే లేవాలి, పెట్టేస్తున్నా."

ఆ రాత్రి క్లెమ్ చెప్పిన వాన కురిసింది. శనివారం తెల్లారేసరికి మైదానమంతా తడి మట్టి వాసన. మెట్ల మంటపం కింద నీళ్ళలో వందల కప్పలు ఒక్కసారిగా అరుస్తున్నాయి, పద్నాలుగేళ్ళ తర్వాత జనం వచ్చినట్టు. స్ప్రాట్‌ల మంచం కింద టక్, టక్, టక్.

"మళ్ళీ ఎవర్రా!" అని గర్జిస్తూ కోలిన్ దబదబా తలుపు దాకా వచ్చాడు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, చెంప ట్యాంకుకు ఆనించి, నోలీన్ చెయ్యి పైకెత్తి ఉంది.

"ష్!"

"నీకూ పట్టిందా పిచ్చి! సరే, ఏమంటోంది?"

"రాత్రి ఉల్లిపాయలు ఎక్కువ తిన్నావంటోంది."

"తినలేదే!"

"తిన్నాడు" అంది లోపల్నుంచి డాఫ్నీ.

నోలీన్ మోకాళ్ళు దులుపుకుని ఇనప గేటు వైపు నడిచింది. క్లెమ్ ట్యాంకు మీద మూడు దెబ్బలు కొట్టి చెంప ఆనించింది. లోపల ఒక్క కాలు, బాగున్న కాలు, నేలను ధనధనా తన్నింది.

"ఏమంది నా ట్యాంకు?" అని అరిచాడు క్లెమ్ కిటికీలోంచి.

"టీ అడుగుతోంది" అంది నోలీన్. కెటిల్ పెట్టడానికి లోపలికి వెళ్ళి, ఆయనకు ఎడమవైపునున్న ట్యాంకు సీటులో ఎవరూ కూర్చోకుండా దాని మీద చెక్క గరిటె పెట్టింది.